పునరుక్తి

తెలుగులో పునరుక్తికి మంచి పేరు లేదు. విడదీస్తే పునః, ఉక్తి: మళ్లీ చెప్పడం. పదంలో నింద ఎక్కడా లేదు. అయినా వాడుకలో అది ‘దోషం’ అన్న మాటను వెంటబెట్టుకునే వస్తుంది. అలంకారికులు దాన్ని కావ్యదోషాల్లో చేర్చారు. తార్కికులు వాదంలో ఓటమికి గుర్తుగా లెక్కగట్టారు. ‘ఉభయులూ ఇద్దరూ వచ్చారు’ అని రాసిన పిల్లవాడి వాక్యం కింద మాస్టారు గీత గీసేదీ అందుకే. పాడిందే పాడే పాచిపళ్ల దాసరికి సామెతలో చోటు దొరికింది గాని గౌరవం దొరకలేదు.

ఇంజనీరింగ్ కాలేజీలో ఇన్ఫర్మేషన్ థియరీ చెబుతూ రిడండెన్సీ దగ్గర ఆగి, నాలుగు ముక్కలు తెలుగులో చెబుదామనుకుంటే ముందుగా నోటికొచ్చేది ఈ పునరుక్తే. ఆ మాట వినగానే అది ఏరిపారేయాల్సిన సరుకని క్లాసు తీర్మానించుకుంటుంది. మొదటి యూనిట్ అయ్యేదాకా ఆ అభిప్రాయానికి అడ్డేమీ రాదు. ఎంట్రపీ, హఫ్‌మన్ కోడింగ్, డేటా కుదింపు: అంతా పునరుక్తిని తీసేసే పనే. తర్వాతి యూనిట్‌లో ఛానెల్ కోడింగ్ మొదలవుతుంది. పారిటీ బిట్లు, హామింగ్ కోడ్, సైక్లిక్ కోడ్‌లు, కన్వల్యూషనల్ కోడ్‌లు: అంతా పునరుక్తిని చేర్చే పనే. అప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా: ‘సార్, అంత కష్టపడి తీసేసింది మళ్లీ ఎందుకు పెడుతున్నాం?’

ఈ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే మిగతా సబ్జెక్టంతా ఫార్ములాల బట్టీయంగానే మిగులుతుంది. ఆ ప్రశ్నలో సగం గణితం ఉంది, సగం మాట ఉంది అని నా నమ్మకం. రెండు వేర్వేరు పనులకు ఒకే పేరు పెట్టాం, అదీ తిట్టులాంటి పేరు. అయోమయం అక్కడ మొదలవుతుంది.

తీసేయడం సంగతి ముందు చూద్దాం. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. టెలిగ్రాం పంపిన అనుభవం ఉన్నవాళ్లకు కుదింపు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మాటల లెక్కన రుసుము. అందుకే ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’. ఎవరి తండ్రో, ఎక్కడికి బయల్దేరాలో అందుకునేవాడికి తెలుసు కాబట్టి రాయరు. అవతలివాడికి ముందే తెలిసినదాన్ని పంపకపోవడమే కుదింపు. పండగ శుభాకాంక్షలకైతే తంతి శాఖ వాక్యాలు ముందే తయారుచేసి ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చింది. పంపేవాడు ఫారం మీద అంకె వేస్తే అవతలి ఊళ్లో నిండు వాక్యమై చేరేది. ఇప్పుడు క్లాసులో కోడ్‌బుక్ అని చెప్పేది ఆ పట్టికనే.

ఇలా తీసేస్తూ పోతే ఎక్కడ ఆగాలి? దానికి క్లాడ్ షానన్ హద్దు గీశాడు. 1948 జూలై, అక్టోబరు సంచికల్లో ‘బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్’లో వచ్చిన ఆయన వ్యాసమే ఈ శాస్త్రానికి పుట్టుక. బిట్ అన్న పేరును జాన్ టూకీ సూచించాడని ఆ వ్యాసంలోనే చెప్పాడు. ఏ భాషకైనా, ఏ సమాచార మూలానికైనా ఎంట్రపీ అని ఒక సంఖ్య ఉంటుంది. సగటున అక్షరానికి అన్ని బిట్లకంటే తక్కువ వాడి, ఏమీ పోకుండా చెప్పడం అసాధ్యం. ఎనిమిది అక్షరాల దూరం వరకు ఉన్న అల్లికను లెక్కలోకి తీసుకుంటే ఇంగ్లీషులో రిడండెన్సీ సుమారు 50 శాతం అని ఆయన అంచనా కట్టాడు. రాసేదాంట్లో సగం మనం ఎంచుకున్నది, తక్కిన సగం భాష మనచేత రాయించేది అన్నమాట. 1951లో, తర్వాతి అక్షరం ఏమై ఉంటుందో మనుషులచేత ఊహింపజేసి ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. వెనకటి వంద అక్షరాలు తెలిస్తే ఒక్కో కొత్త అక్షరానికి 0.6 నుంచి 1.3 బిట్ల మధ్య సరిపోతుందని తేల్చాడు.

1948 వ్యాసంలో నేను తిరిగి తిరిగి చదివే చోటు గళ్లనుడికట్టు గురించిన పేరా. రిడండెన్సీ సున్నా అయిన భాషలో ఏ అక్షరాల వరుసైనా సరైన రాతే అవుతుంది. గళ్లలో ఏది నింపినా నుడికట్టు సిద్ధం. రిడండెన్సీ మరీ ఎక్కువైతే మాటలు అడ్డంగా నిలువుగా ఒకదానితో ఒకటి కలవవు. 50 శాతం దగ్గర పెద్ద నుడికట్లు కుదురుతాయి, 33 శాతం అయితే మూడు కొలతల్లో కూడా కట్టవచ్చునంటాడు షానన్. ఆదివారం పత్రిక ముందు పెన్సిలు పట్టుకుని కూర్చునే మనిషి సరదా కూడా భాషకున్న ఒక సంఖ్య మీద ఆధారపడి ఉందన్నమాట.

అదే పేరాను ఇంకోవైపు నుంచి చదవండి. ప్రతి వరుసా అర్థమున్న మాటే అయిన భాషలో అచ్చుతప్పు పడితే ఎలా తెలుస్తుంది? తెలియదు. తప్పు కూడా మరో ఒప్పులాగే కనిపిస్తుంది. పూర్తిగా కుదించిన సందేశానికి ఉన్న ప్రమాదం అదే.

ఈ ప్రమాదానికి ఫిలడెల్ఫియాలో ఒక ఉన్ని వ్యాపారి బలయ్యాడు. పేరు ఫ్రాంక్ ప్రిమ్‌రోజ్. ఆ రోజుల్లో వ్యాపారులు టెలిగ్రాం ఖర్చు తగ్గించుకోవడానికి సొంత సంకేతాల పుస్తకాలు వాడేవాళ్లు. ఒక్కో చిన్న మాట ఒక్కో వాక్యానికి బదులు. 1887 జూన్‌లో ఆయన కాన్సాస్‌లోని తన ఏజెంటుకు పంపిన సందేశంలో ‘బే’ అన్న మాట ఉంది. వాళ్ల సంకేతంలో దాని అర్థం ‘నేను కొనేశాను’ అని. అవతల అది ‘బై’గా, అంటే కొనమన్న ఆదేశంగా చేరింది. మోర్స్‌లో ‘ఎ’కు ఒక చుక్క, ఒక గీత. ‘యు’కు రెండు చుక్కలు, ఒక గీత. తేడా ఒక్క చుక్క. ఏజెంటు వెంటనే ఉన్ని కొనడం మొదలుపెట్టాడు. ప్రిమ్‌రోజ్ తనకు 20,000 డాలర్లకు పైగా నష్టం వచ్చిందని వెస్టర్న్ యూనియన్ కంపెనీ మీద దావా వేశాడు. 1894లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. కారణం టెలిగ్రాం ఫారం మీద ఉన్న షరతు. సందేశం సరిగ్గా చేరిందో లేదో తెలియాలంటే, మామూలు రుసుము మీద మరో సగం చెల్లించి, దాన్ని అవతలి నుంచి తిరిగి పంపించి చూసుకునే ఏర్పాటు ఉంది. ప్రిమ్‌రోజ్ ఆ సగం చెల్లించలేదు.

తీసేయడం, చేర్చడం అన్న రెండు పనులూ ఆ ఫారం మీద పక్కపక్కనే ఉన్నాయి. సంకేతాల పుస్తకం మాటలను తగ్గిస్తుంది. అదనపు రుసుము కట్టించే పునరావృత్తి తప్పును పట్టిస్తుంది. వెనక బెంచీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. భాషలో సహజంగా ఉండే పునరుక్తి మన చెవికోసం, మన అలవాటుకోసం పెరిగింది. అది ఒకచోట గుట్టలా ఉంటుంది, మరోచోట అసలే ఉండదు. ముఖ్యమైన పేర్లలో, అంకెల్లో, తేదీల్లో దాదాపు ఉండదు. ‘ఫాదర్ సీరియస్’లో ఒక అక్షరం పోయినా పూరించుకోవచ్చు, రైలు నంబర్‌లో ఒక అంకె పోతే పూరించుకోలేం. అందుకని ముందు ఆ సహజమైన దాన్ని ఒలిచేసి, తర్వాత ఛానెల్‌లో ఎంత నాయిస్ ఉందో చూసి, దానికి తగినంత, లెక్క ప్రకారం, ప్రతి బిట్‌కూ రక్షణ అందేలా కొత్తది అమరుస్తాం. ఈ రెండు పనులనూ విడివిడిగా చేసినా నష్టం లేదని షానన్ నిరూపించాడు. ఎంత పొడవైన సందేశాలనైనా తీసుకునే వెసులుబాటు ఉన్నప్పుడు మాత్రమే అది పూర్తిగా నిజం. చిన్న చిన్న సందేశాల విషయంలో రెండింటినీ కలిపి చేయడమే మేలయ్యే సందర్భాలున్నాయి. ఆ చర్చ ఎంటెక్‌లో వస్తుంది.

పని పరంగా తేడా స్పష్టమయింది. మరి మాట పరంగా? మనవాళ్లు ఈ తేడాను గమనించకుండా ఏమీ లేరు. గౌతముడి న్యాయసూత్రాల చివరి అధ్యాయంలో 22 నిగ్రహస్థానాలు, అంటే వాదంలో మనిషి ఓడినట్టు తేల్చే సందర్భాలు, వరసగా ఉన్నాయి. వాటిలో పునరుక్తం ఒకటి. మాటనో అర్థాన్నో మళ్లీ చెబితే ఓటమి. ఆ నిర్వచనంలోనే ఒక మినహాయింపు ఉంది: అనువాదానికి ఇది వర్తించదు. న్యాయశాస్త్రంలో అనువాదమంటే ఒక భాషలోంచి మరో భాషలోకి మార్చడం కాదు. చెప్పినదాన్ని ఒక ప్రయోజనం కోసం తిరిగి చెప్పడం. అనంతరం పలకడం అన్నదే ఆ మాటకు మూలార్థం. అంతకుముందు రెండో అధ్యాయంలో పూర్వపక్షి గట్టి ప్రశ్నే వేస్తాడు. పునరుక్తానికీ అనువాదానికీ భేదమేముంది, రెండిట్లోనూ మాట మళ్లీ వస్తోంది కదా అని. సిద్ధాంతి జవాబు వీధిలోంచి తెచ్చినట్టుంటుంది: ‘త్వరగా, త్వరగా నడువు’ అనే మనిషి రెండో ‘త్వరగా’ను వ్యర్థంగా అనలేదు, ఆ రెండో మాట నడకను మారుస్తుంది.

అంటే సోర్స్ కోడింగ్ తుడిచేది పునరుక్తాన్ని, ఛానెల్ కోడింగ్ చేర్చేది అనువాదాన్ని. గీత ఇంత చక్కగా పడుతుంటే ఇంకేం కావాలి? కాని అనువాదం అన్న మాట ఇప్పుడు మన చేతిలో లేదు. తర్జుమాకు స్థిరపడిపోయింది, దాన్ని వెనక్కి లాగడం ఎవరివల్లా కాదు. న్యాయసూత్రాల పంక్తిని ఇవాళ్టి తెలుగు విద్యార్థి చదివితే తర్జుమా చేసేవాడికి వాదంలో ఏదో మినహాయింపు ఉందనుకుంటాడు. ఇలా చేజారిన మాటల్లో ఇదొకటి, నాకు బాధ కలిగించే వాటిలో మొదటిది.

ఇంకో మాట ఉంది, నింద సోకనిది: ఆమ్రేడితం. పదో తరగతి సంధుల్లో అందరూ చదివిందే. పాణినికి అది జంటలో రెండోదాని పేరు, చిన్నయసూరికీ అంతే. పగలు పగలు అన్నది పట్టపగలు అయ్యే విధానాన్ని చూడండి. రెండుసార్లు చెప్పడంవల్ల వచ్చే గట్టితనం నిలిచింది, మొదటి ‘పగలు’ మాత్రం రెండక్షరాలకు కుదించుకుపోయింది. మొట్టమొదట, చిట్టచివర, బట్టబయలు, తుట్టతుద, కట్టకడ: అన్నిటికీ ఇదే పద్ధతి. తొలి అచ్చు వరకు ఉంచి ఆపైన ద్విత్వటకారం. మొదటి సగం చూస్తే రెండో సగం ఏ అక్షరంతో మొదలవుతుందో తెలిసిపోతుంది. తీసేయడం, చేర్చడం రెండూ ఒకే మాటలో జరగడం నేను ఇంకెక్కడా ఇంత ముచ్చటగా చూడలేదు.

అమరసింహుడు ఆమ్రేడితానికి అర్థం చెబుతూ రెండు లేక మూడుసార్లు అన్నది అంటాడు. ఆ రెండుకీ మూడుకీ మధ్య ఎంత దూరముందో డిజిటల్ కమ్యూనికేషన్స్ చదివినవాడికి తెలుస్తుంది. ఒక బిట్‌ను రెండుసార్లు పంపామనుకోండి. రెండూ ఒకేలా చేరకపోతే తప్పు జరిగిందని తెలుస్తుంది, ఏది తప్పో తెలియదు. మూడుసార్లు పంపితే మెజారిటీని బట్టి దిద్దుకోవచ్చు. రెండు పట్టిస్తుంది, మూడు దిద్దుతుంది. అమరసింహుడికి ఈ ఉద్దేశం ఉందనడం లేదు. అలాంటి మాటలు ఆయన్నీ షానన్‌నూ ఇద్దరినీ చిన్నబుచ్చుతాయి. మనుషులు రెండుసార్లు సరిపోనిచోట మూడోసారి చెప్పే అలవాటును నిఘంటుకారుడు గమనించాడు, అంతే.

వేదపాఠంలో ఈ అలవాటు ఒక కట్టుదిట్టమైన నియమంగా మారింది. క్రమపాఠంలో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని పదాలను జంటలుగా చదువుతారు. ప్రతి పదం రెండుసార్లు వస్తుంది. జటలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. ప్రతి పదం ఆరుసార్లు. ఘనలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. మధ్యలోని ఏ పదమైనా 13సార్లు వస్తుంది. కోడింగ్ పరిభాషలో వీటి రేటు, అంటే మొత్తం పంపేదాంట్లో అసలు సమాచారం వంతు, వరసగా 1/2, 1/6, 1/13. వట్టి లెక్క కంటే ముఖ్యమైనది వరస తిరగబడటం. పదాల క్రమం మారినప్పుడల్లా వాటి మధ్య సంధి మారుతుంది, స్వరం మారుతుంది. అలవాటు మీద నాలుక జారిపోయే వీల్లేదు. తప్పులు ఒకదానికొకటి సంబంధం లేకుండా పడితేనే మెజారిటీకి విలువ. ఒకే పొరపాటు 13సార్లూ పడితే 13సార్లు చెప్పీ లాభం లేదు. తాటాకు ప్రతుల పరిష్కర్తలకు ఈ సంగతి బాగా తెలుసు. పది ప్రతులు ఒకే తల్లిప్రతిని చూసి రాసినవైతే ఆ పదింటిదీ ఒకే ఓటు. ఘనపాఠం చెప్పగలవాడికి ఎంత గౌరవముందో చెప్పడానికి తెలుగు వాడుకే సాక్ష్యం: ఏ పనిలోనైనా ఆరితేరినవాణ్ని ఘనాపాఠి అంటాం.

అయితే మళ్లీ మళ్లీ చెప్పడం ఖరీదైన పద్ధతి. నూటికి పది బిట్లు తిరగబడే ఛానెల్‌ను తీసుకోండి. మూడుసార్లు చెబితే తప్పు నూటికి 2.8కి దిగుతుంది. ఐదుసార్లు చెబితే 0.86కి. తప్పు ఇంకా తగ్గాలంటే ఇంకా ఎక్కువసార్లు చెప్పాలి. తప్పు సున్నాకు చేరేలోగా వేగమూ సున్నాకు చేరుతుంది. 1948కి ముందు ఇంజనీర్లు ఇది ప్రకృతి ధర్మమనుకున్నారు. షానన్ కాదన్నాడు. ఆ ఛానెల్‌కు కెపాసిటీ అని ఒకటుంది, అది బిట్‌కు 0.53. ఆ లోపల ఎంత వేగంతో పంపినా తప్పును కోరుకున్నంత చిన్నది చేసే కోడ్ ఒకటి ఉండితీరుతుంది. పంపే ప్రతి వంద బిట్లలో యాభైకి పైగా అసలు సమాచారమే ఉండి, అయినా తప్పు దాదాపు లేకుండా చేరడం! మొదటిసారి చదివినప్పుడు నమ్మశక్యం కాని సిద్ధాంతం ఇది, నిరూపణ చదివాక కూడా కొన్నాళ్లు అలాగే ఉంటుంది. అలాంటి కోడ్ ఉందన్నాడు గాని అదేమిటో చెప్పలేదు.

దాని వైపు తొలి అడుగు వేసింది ఆయన సహోద్యోగి రిచర్డ్ హామింగ్. బెల్ ల్యాబ్స్‌లో రిలేలతో నడిచే కంప్యూటర్ ఉండేది. వారాంతాల్లో దాన్ని ఒంటరిగా వదిలితే తప్పు జరిగిందని కనిపెట్టి, ఆ లెక్కను వదిలేసి తర్వాతిదానికి పోయేది. సోమవారం వచ్చి చూస్తే ఫలితం ఉండేది కాదు. తప్పు ఉందని కనిపెట్టగల యంత్రం అది ఎక్కడుందో ఎందుకు కనిపెట్టలేదు అన్నదే హామింగ్ పట్టుకున్న ప్రశ్న. 1950లో ఆయన పేపరు వచ్చింది, కాని ఆ కోడ్ ఆయన పేరుతో 1948 వ్యాసంలోనే షానన్ ఉదాహరణగా కనిపిస్తుంది. నాలుగు సమాచార బిట్లు, మూడు పారిటీ బిట్లు. ఒక్కో పారిటీ బిట్ మూడేసి సమాచార బిట్లతో కలిసి మొత్తం ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చూస్తుంది. చేరిన చోట ఆ మూడు నియమాలనూ పరీక్షిస్తారు. అవును, కాదు అన్న మూడు జవాబులు కలిస్తే ఎనిమిది రకాలు. తప్పు పడగల స్థానాలు ఏడు, ఎక్కడా తప్పు పడలేదన్నది ఎనిమిదోది. ఒక్కటి మిగలదు, ఒక్కటి తక్కువ పడదు.

ఇక్కడ ఆగి మన మాటను చూడాలి. ఆ మూడు బిట్లు దేన్నీ మళ్లీ చెప్పడం లేదు. ఏ ఒక్క సమాచార బిట్‌కూ అవి ప్రతిధ్వని కావు. తక్కినవాటి మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతున్నాయి, అదీ ఇప్పుడే మొదటిసారి. ఇందులో ఉక్తి ఉంది గాని ‘పునః’ లేదు. అలంకారశాస్త్రంలో పునరుక్తవదాభాసమని ఒక అలంకారం ఉంది. పునరుక్తిలా తోస్తుంది, నిలిచి చూస్తే కాదు. హామింగ్ బిట్లకు ఆ పేరు అతుకుతుంది. కాని నోరు తిరగాలంటే కష్టం.

సంబంధాన్ని చెప్పడం ద్వారా రక్షించడమన్నది తెలుగు పద్యానికి పుట్టుకతోనే ఉంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, ప్రతి అక్షరమూ గురువో లఘువో ముందే ఖాయం. రెంటికీ సమానావకాశం ఉందనుకుంటే నాలుగు పాదాల పద్యంలో 80 బిట్ల స్వేచ్ఛను కవి ఛందస్సుకు అప్పగించేస్తున్నాడు. పైన యతి, ప్రాస. ఇప్పుడు తాటాకు మీద పదో అక్షరాన్ని పురుగు తినేసిందనుకోండి. పరిష్కర్త ఆ ఖాళీని చూసి వెంటనే చెప్పగలిగింది చాలా ఉంది. అది గురువు. పాదం ‘కా’తో మొదలైతే, స్థూలంగా, ఆ ఖాళీలో క, ఖ, గ, ఘల్లో ఏదో ఒక హల్లు ఉండాలి, దాని మీద అ, ఆ, ఐ, ఔల్లో ఏదో ఒక అచ్చు. పోయింది రెండో అక్షరమైతే మిగతా మూడు పాదాల రెండో అక్షరాలు దాని హల్లును అప్పజెప్పేస్తాయి. ప్రాస ఒక రకంగా నాలుగుసార్లు చెప్పడమే. యతి అలా కాదు, మళ్లీ చెప్పదు, పొత్తు కలుపుతుంది. యతిమైత్రి అన్న పేరులో ఉన్నదే అది. సంస్కృతంలో యతి అంటే ఊపిరి తీసుకునే విరామం. తెలుగుకు వచ్చాక ఆ మాట విరామాన్ని వదిలేసి స్నేహాన్ని పట్టుకుంది.

గ్రంథపాతాలను పూరించిన పండితులు చేసింది డీకోడింగే. గణభంగం, యతిభంగం, ప్రాసభంగం అన్న మూడూ పద్యం మోగించే గంటలు, కోడింగ్‌లో పారిటీ పరీక్షల జవాబులను సిండ్రోమ్ అంటామే, అవే. కాని ప్రతి తప్పుకూ గంట మోగదు. లేఖకుడు ఒక మాటకు బదులు అదే తూకమున్న మరో మాట రాసి, అది యతిస్థానంలోనో ప్రాసస్థానంలోనో పడకపోతే పద్యానికి ఏమీ తెలియదు. ఒక చెల్లుబాటయ్యే పద్యం ఇంకో చెల్లుబాటయ్యే పద్యంగా మారిపోయిందంతే. పాఠాంతరాలని మనం భద్రంగా అడుగున అచ్చువేసుకునేవాటిలో ఎక్కువ భాగం ఇవే. ఛందస్సు వలకు చిక్కనంత దగ్గరి జంటలు. కోడ్‌లో ఏ రెండు మాటలూ మరీ దగ్గరగా ఉండకూడదని హామింగ్ పట్టుబట్టింది ఇందుకే. ఆ దూరానికి ఇప్పటికీ ఆయన పేరే.

సరే, మరి ఏ మాట వాడాలి? రిడండెన్సీ లాటిన్‌లో మొదలైన మాట, మూలంలో అల ఉంది, పొంగి పొర్లడమని అర్థం. మళ్లీ చెప్పడమన్న భావం అందులోనూ లేదు. పొర్లు అని తెలుగు చేస్తే వృథా అన్న అర్థమే ముందుకొస్తుంది. మిగులు బాగానే ఉంటుంది, కాని మిగులు అన్నది పని అయ్యాక ఉండిపోయేది, ఇది పనికోసం ముందే పెట్టేది. కొసరు నాకు చాలాకాలం నచ్చింది. తూచిన సరుకు మీద ప్రేమగా వేసే పిడికెడు. తీరా చూస్తే కొసరుకూ తూకానికీ లంకె లేదు, పారిటీ బిట్‌కు ఆ లంకే ప్రాణం.

సమాధానం పారిటీ అన్న మాటలోనే దొరికింది. అదీ లాటిన్ నుంచే, సమానత్వమని అర్థం. ఒకట్ల సంఖ్య సరా బేసా అన్నదే పరీక్ష. తెలుగులో సరి అంటే రెండుగా తెగే సంఖ్య. సరి అంటే సమానం. సరి అంటే తప్పులేనిది. సమానం, తప్పులేనిది అన్న అర్థాల్లో తమిళులూ కన్నడిగులూ కూడా వాడుకునే మాట. లెక్కలో తప్పుందేమో పరీక్షిస్తే అది సరిచూడటం. ఉన్న తప్పును తీస్తే సరిదిద్దడం. ఎర్రర్ డిటెక్షన్, ఎర్రర్ కరెక్షన్ అని రెండు అధ్యాయాలకు పేర్లు పెట్టి బోధించేది ఈ రెండు క్రియలనే. సరి బిట్టు అంటే పారిటీ బిట్. మూలంలోని మాటలకైనా ఈ కుదురు లేదు. ఇంగ్లీషులో పారిటీకీ చెక్‌కీ కరెక్షన్‌కీ చుట్టరికం లేదు, తెలుగులో మూడూ ఒకే కడుపున పుట్టినవి.

కాబట్టి నా పట్టికలో పునరుక్తిని సోర్స్ వైపే ఉంచుతాను. కుదింపు తుడిచేది నిజంగా పునరుక్తే, అక్కడ ఆ నింద న్యాయమే. ఛానెల్ వైపు చేర్చేదాన్ని సరి అంటాను. ఆధార్ నంబర్‌లో 12 అంకెలు ఉంటాయి కదా, చివరిది ఈ కోవలోదే. 1969లో డచ్ గణితవేత్త వెర్హోఫ్ రూపొందించిన పద్ధతిలో ముందరి పదకొండింటి నుంచి దాన్ని కడతారు. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది, కాని దిద్దలేదు. అది సరిచూసే అంకె. తోపుడుబండి మీద ఎండకు వెలిసి, మూల చిరిగిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్ ఇంకా చదవగలుగుతోందంటే అందులో 1960 నాటి రీడ్-సాలమన్ కోడ్ ఉంది. ఎంచుకున్న స్థాయినిబట్టి 7 నుంచి 30 శాతం దాకా చెడినా తిరిగి తెస్తుంది. అది సరిదిద్దే గళ్ల గుంపు.

షానన్ ఉందని చెప్పి చూపించని కోడ్‌కు అతి దగ్గరగా వెళ్లినవాటిలో ఒకటి రాబర్ట్ గాలగర్ 1960లో ఎంఐటీ పరిశోధన వ్యాసంలో రాసినది, ఎల్‌డీపీసీ (లో-డెన్సిటీ పారిటీ-చెక్). అప్పటి యంత్రాలకు దాన్ని మోసే శక్తి లేక మూలన పడింది. 1990ల మధ్యలో మళ్లీ వెలికివచ్చి ఇప్పుడు 5జీలో డేటాను మోస్తోంది. దాని నిండా ఉన్నవి సరి నియమాలే. పెద్ద బ్లాక్ అయితే వేలల్లో ఉంటాయి, ఒక్కోటీ కొద్ది బిట్లను మాత్రమే తాకుతుంది. నాయిస్‌లో తడిసి వచ్చిన బిట్లన్నిటి మీదా ఫోన్ ముందు ఒక ఊహ చేస్తుంది. ఆ ఊహను ప్రతి నియమానికీ చూపిస్తుంది. నియమం తాను తాకే బిట్లకు తన అనుమానం చెబుతుంది, బిట్లు తమ నమ్మకాన్ని మార్చుకుని తిరిగి చెబుతాయి. అలా వరస తరవాత వరస, అన్నీ సరి అయ్యేదాకా, లేదా ఇక చాలని ముందే పెట్టుకున్న గడువు తీరేదాకా, సరిచూస్తూ సరిదిద్దుతూ పోతుంది.